ఎడారి దేశంలో నా రెండవ క్రిస్మస్



డిసెంబరు వచ్చిందంటే మన పల్లెల్లో ఇళ్లకు సున్నాలు వేసుకోవడం, వెదురుబద్దల నక్షత్రం కట్టడం, అరిసెలు వండడం, అర్ధరాత్రి పాటలు పాడుతూ వచ్చే యౌవనస్థుల కోసం మేలుకొని ఉండడం మీకు తెలిసినవే. ఇవేవీ లేని క్రిస్మస్ ఒకటి దేవుడు నాకిచ్చాడు. దానిని గూర్చి వ్రాస్తున్నాను.

1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమలో మా కొబ్బరిచెట్లను కూల్చివేసింది. మొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అప్పులవాళ్లు అంతకాలం ఆగరు కదా! మరుసటి సంవత్సరం ఇద్దరు పిల్లలను మా ఆయనకు, అత్తయ్యకు అప్పగించి, ఖద్దామా వీసా మీద కువైట్ వెళ్లాను. ఒక అరబ్బుల ఇంట్లో వంట, ఇంటిపని.

అక్కడ డిసెంబరు 25 సెలవు కాదు. 1997లో ఆ రోజంతా పనితోనే గడిచిపోయింది. రాత్రి క్యాసెట్టులో పిల్లలకు మాటలు రికార్డు చేస్తూ, "అమ్మ గుడికి వెళ్లిందమ్మా, అందరం కేకు తిన్నాం" అని అబద్ధం చెప్పాను. వాళ్లు బెంగపడకూడదని! రెండు నెలలకు జవాబు క్యాసెట్టు వచ్చింది. ఎనిమిదేళ్ల నా కూతురు, "అమ్మా, మీ గుడిలో ఏం పాట పాడారు? నువ్వు పాడి పంపించవా?" అని అడిగింది. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఆ ప్రశ్నకు నేను జవాబు పంపలేదు.

1998లో క్రిస్మస్ శుక్రవారం వచ్చింది. ఆ దేశంలో వారపు సెలవు శుక్రవారం గనుక సంఘాలు ఆరాధనకు కూడుకొనేదీ ఆ రోజే. నెల ముందే ఇంటి యజమానురాలిని సెలవడిగాను, చూద్దామన్నది. అయితే ఆ ఏడు రంజాన్ ఉపవాసాలు క్రిస్మస్‌కు ఐదారు రోజుల ముందే మొదలయ్యాయి. ఆ శుక్రవారం సాయంత్రం బంధువులందరూ ఇఫ్తారుకు వస్తున్నారు, వెళ్లడానికి వీల్లేదన్నది.

నా మనస్సు చేదెక్కిపోయింది. వారి పండుగకు ఇన్ని వండుతున్నానే, నా పండుగకు రెండు గంటలివ్వరా? తెల్లవారుజామున మోకరించాను గాని ప్రార్థన రాలేదు. రోజంతా గోధుమలు, మాంసం కలిపి హరీస్ వండాను, సంబూసాలు చుట్టాను, లుగైమాత్ వేయించాను. నాయిఫ్ కోటలో పేల్చే ఫిరంగి టీవీలో వినబడగానే అందరూ ఖర్జూరంతో ఉపవాసం విడిచారు. నేను గిన్నెలు తోముతూ ఏడ్చాను.

ఆ ఇంట్లో ముసలమ్మగారు ఉండేది. యుమ్మా అని పిలిచేవాళ్లం. రాత్రి ఆమె కాళ్లు పిసుకుతుంటే నా ముఖం చూసి ఎందుకు ఏడ్చావని అడిగింది. వచ్చీరాని అరబ్బీలో, "ఈ రోజు ఈసా పుట్టిన పండుగ, యుమ్మా. నా పిల్లలు అక్కడ, నేనిక్కడ" అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత తమ ఖురానులో మరియమ్మ పేరుతోనే ఒక అధ్యాయమున్నదనీ, మరియమ్మ ఒంటరిగా దూరప్రాంతానికి వెళ్లి ఖర్జూరపు చెట్టు కింద ప్రసవవేదన పడిందనీ, దుఃఖపడవద్దని ఆమెకు ఓదార్పు కలిగిందనీ చెప్పింది. పళ్లెంలో నుండి మూడు ఖర్జూరాలు తీసి నా చేతిలో పెట్టింది.

వారు యేసును ప్రవక్త అంటారు. మనమైతే దేవుని కుమారుడని, రక్షకుడని ఒప్పుకొంటాము. ఆ భేదం చిన్నది కాదు. కానీ ఆ రాత్రి నేను మరచిన సంగతిని ఆమె నోట దేవుడు గుర్తుచేశాడు. మన లూకా సువార్తలోనూ మరియమ్మ సొంత ఊరిలో కనలేదు. సత్రంలో స్థలం లేక పశువుల తొట్టిలో బిడ్డను పరుండబెట్టింది. పరాయిచోట ఉన్నవారికి ప్రభువు దూరమైనవాడు కాడు!

గదిలోకి వెళ్లి క్యాసెట్టు పెట్టాను. "అమ్మా, పోయినేడు నీతో అబద్ధమాడాను. గుడికి వెళ్లలేదు. ఈ ఏడూ వెళ్లలేదు. నన్ను క్షమించు. ఇప్పుడు పాడతాను, విను" అని గొంతు తగ్గించి ఒక క్రిస్మస్ పాట పాడాను.

మరుసటి శుక్రవారం 1999 జనవరి 1. యుమ్మా గట్టిగా చెప్పినందున ఇంటి డ్రైవరు నన్ను నగరంలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో దించాడు. అమెరికా మిషనరీలు మొదలుపెట్టిన పరిచర్య అది. 1931లో కట్టిన ఆలయం. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క భాష వారు. ఒకచోట తెలుగు పాట వినబడింది. తలుపు దగ్గరే నిలబడి ఏడ్చాను. అవి వేరే కన్నీళ్లు. ఆ సంవత్సరమే కువైట్ దేశస్థుడైన ఇమ్మానుయేల్ గరీబ్‌గారు అక్కడ పాస్టరుగా అభిషేకం పొందారు.

ఇప్పుడు నా కూతురికీ పిల్లలున్నారు. ఆ క్యాసెట్టును నేటికీ దాచుకున్నది.

ప్రియ చదువరీ, మీ సంఘంలో తల్లి గల్ఫ్‌లో ఉన్న ఇల్లు ఒక్కటైనా ఉండకపోదు. ఈ క్రిస్మస్‌కు ఆ పిల్లల దగ్గరికి అరిసెలు తీసుకొని వెళ్లండి. వాళ్లచేత ఒక పాట పాడించి తల్లికి ఫోనులో వినిపించండి. ఏ వంటగదిలోనో నిలబడి ఆమె వింటుంది. దేవుడు మిమ్మును దీవించును గాక.