కానరాని కవచం

కాపాడడమంటే కప్పిపెట్టడమేనని లోకంలో ఒక భావన ఉంది. ఆ భావన ఎంతవరకు సమంజసమో ఆలోచించే అవసరం మా ఇంటి కిటికీ వల్ల నాకు కలిగింది.

గోదావరి సీమలోని మా పాత మండువా లోగిలిలో వీధి వైపు కిటికీకి తాతగారు రంగుల అద్దాలు పెట్టించారు. గాజును కరిగించేటప్పుడు కోబాల్టు కలిపితే నీలవర్ణం, క్రోమియం కలిపితే హరితవర్ణం సిద్ధిస్తాయి. గాజులోనే లీనమైన ఆ రంగు ఏళ్ళు గడిచినా వెలిసిపోదు. కాని పగిలిన అద్దానికి బదులుగా అదే ఛాయ గల మరొకటి లభించడం దుర్లభం.

ఒకనాటి గాలివానలో కొబ్బరిమట్ట విసురుగా వచ్చి తగలడంతో ఒక నీలిఅద్దం పగిలింది. మిగిలినవైనా దక్కాలంటే చెక్కలు కొట్టించడమే మార్గమన్నాడు మా తమ్ముడు. అమ్మ వారించింది. “వెలుగు రాని కిటికీకీ గోడకీ తేడా ఏమిటిరా?” అన్నది.

ఆ ప్రశ్నకు సమాధానంగా కిటికీకి వెలుపల పారదర్శకమైన యాక్రిలిక్ పలకను అమర్చాం. దాని బరువు అంతే మందం గల గాజులో సగమైనా ఉండదు. దెబ్బను మాత్రం గాజుకన్న మిన్నగా ఓర్చుకొంటుంది. అయితే వేడికి గాజుకన్న ఎన్నో రెట్లు సాగుతుంది. మీటరు పొడవున్న పలక, ఉష్ణోగ్రత 30 డిగ్రీలు పెరిగితే, సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అందుచేత మరమేకుల రంధ్రాలను కొంచెం వెడల్పుగా తొలిపించాం. లోపల చెమ్మ నిలవకుండా పైనా క్రిందా గాలికి సందు విడిచాం. పాత చట్రానికి గాయం కాకుండా, గోడకు బిగించిన వేరొక చట్రంలో పలకను నిలిపాం. దానిపై గీతలు సులభంగా పడతాయి గనుక సబ్బునీటితో తడిపిన మెత్తని నూలుగుడ్డతోనే తుడుస్తాం.

ఈ పలకను చూసినప్పుడు నాకు కొలిచెలమ మల్లినాథసూరి స్ఫురిస్తాడు. కాళిదాస కావ్యాలకు ‘సంజీవని’ వ్యాఖ్య రచించిన ఆ మహాపండితుడు మూలంలో లేనిదాన్ని వ్రాయనని, అనవసరమైనదాన్ని చెప్పనని నియమం పెట్టుకొన్నాడు. ఉత్తమ వ్యాఖ్య కావ్యానికి అడ్డు నిలువదు. అపార్థాల తాకిడి నుండి దానిని రక్షిస్తూనే దాని కాంతిని మన దాకా రానిస్తుంది.

పూర్వుల సంపదను పెట్టెలో పెట్టి తాళం వేస్తే అది భద్రంగానే ఉండవచ్చు. కాని దాని వెలుగు ఎవరికీ అందదు. మా కిటికీ ముందు నిలిచినవారు పలకను గమనించక రంగులనే మెచ్చుకొంటే, ఆ కవచం తన ధర్మాన్ని నెరవేర్చినట్లే.