వాణ్ని అడగడానికే వెళ్లాం

తెనాలిలో కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కేసరికే బంధువుల సలహాలన్నీ అయిపోయాయి. "వాడికేం తెలుస్తుందే! గార్డియన్ కాగితం నీ పేర చేయించుకుని, హైదరాబాద్‌లో మంచి హోమ్ చూసి చేర్చెయ్" అన్నాడు బాబాయ్. తమ్ముడికి 34 ఏళ్లు, బుద్ధిమాంద్యం ఉంది. అమ్మ పోయింది. ఇకమీదట వాడు ఎక్కడుండాలో తేలాలి.

ఇంట్లో కూర్చోబెట్టి అడిగితే తేలే విషయం కాదది. "హోమ్‌లో ఉంటావా?" అంటే "ఉంటా" అంటాడు. "నా దగ్గర ఉంటావా?" అన్నా "ఉంటా" అనే అంటాడు. ఎదుటివాళ్ల మొహం చూసి, వాళ్లకు నచ్చేది చెప్పడం చిన్నప్పటినుంచీ అలవాటు. ఎవరూ కోప్పడకుండా ఉండటానికి వాడికి తెలిసిన దారి అదే. పైగా చూడని చోటు గురించి ఎంత చెప్పినా వాడికి పట్టదు. చూపించాలి.

కృష్ణ వంతెన దాటేదాకా కిటికీ వదల్లేదు. ఖమ్మం దాటాక నిద్రపోయాడు. నేను బాబాయ్ చెప్పిన కాగితం సంగతి చదువుకున్నాను. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద సంరక్షకుణ్ని నియమించేది స్థానిక కమిటీ. అసలు సంరక్షకుడు అవసరమా, అవసరమైతే ఏయే పనులకు అన్నది ఆ కమిటీ చూడాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 14వ సెక్షన్ ఇంకా ముందుకెళ్లింది. ఫలానా నిర్ణయానికి, ఫలానా గడువుకు మాత్రమే పరిమిత సంరక్షకుడు. ఆ సంరక్షకుడూ, వైకల్యమున్న మనిషీ కలిసి నిర్ణయించుకోవాలి, అదీ ఆ మనిషి ఇష్టప్రకారం. ఇంత స్పష్టంగా ఉన్నా మన ఇళ్లలో ఆ కాగితాన్ని మనిషినే రాసిచ్చేసిన దస్తావేజులా చూస్తాం. అది నాకు మింగుడుపడదు.

మర్నాడు ఊరి చివరి హోమ్‌కి వెళ్లాం. మేనేజరు మర్యాదస్తుడే, కానీ ప్రశ్నలన్నీ నాకే. "బాబు పక్క తడుపుతాడా అమ్మా?" అని వాడి ముందే అడిగాడు. తమ్ముడు నేల చూపులు చూశాడు. "ఆయన్నే అడగండి" అన్నాను. అడిగాడు గానీ, వాడు నోరు తెరిచేలోపే తనే జవాబు రాసేసుకున్నాడు. ప్రశ్న వాడి దాకా చేరాలి, జవాబు కూడబలుక్కోవాలి. కాసేపు ఊరుకోవడమే వాడికి మనం చేయగల సాయం. అదే చాలామందికి కష్టం.

వంటింట్లో వేరే సంగతి. చిక్కుడుకాయల బుట్ట ముందేసుకున్న వంటామె, "కాస్త ఈనెలు తీసిపెడతారా అండీ?" అని నేరుగా వాణ్నే అడిగింది. పక్కనే చతికిలబడ్డాడు. ఒక్కో కాయ కొస తుంచి, ఈనె మొత్తం తెగకుండా వస్తే ఆవిడకు ఎత్తి చూపిస్తూ సగం బుట్ట పూర్తిచేశాడు. మధ్యలో, ఎవరూ అడక్కుండానే, "మా అమ్మ చచ్చిపోయింది" అన్నాడు. అమ్మ పోయాక ఆ మాట వాడి నోట వినడం నాకదే మొదలు.

ఆ రోజు తీసిన ఫొటోలు సికింద్రాబాద్‌లో ప్రింట్ వేయించి, రాత్రి లాడ్జి మంచం మీద పరిచాను. మా ఇంటివీ కలిపాను. నచ్చినవి దిండు వైపు, నచ్చనివి కాళ్ల వైపు. వంటిల్లు చటుక్కున దిండెక్కింది. ఎనిమిది మంచాల గది కాళ్ల దగ్గరికి పోయింది. మా ఇంటి డాబా దిండు వైపే. మా టీవీ గది మాత్రం అటూ ఇటూ కాకుండా మధ్యలో ఉండిపోయింది. తాళం వేసిన గేటు ఫొటో చాలాసేపు పట్టుకుని, బోర్లా పెట్టాడు. పొద్దున్నే అవే ఫొటోలు కలగాపులగం చేసి మళ్లీ ఇచ్చాను. వంటిల్లు, గది, గేటు వాటి చోట్లకే వెళ్లాయి. అది నన్ను మెప్పించడానికి చెప్పిన జవాబు కాదని అప్పుడు నమ్మకం కుదిరింది.

"తాళం వెయ్యొద్దని చెప్పక్కా" అన్నాడు తిరుగు రైల్లో. ఫోన్ కలిపి వాడికే ఇచ్చాను. వాడే చెప్పాడు. పగలు గేటు తీసే ఉంచుతామని, ఇద్దరుండే గది చూపిస్తామని మేనేజరు ఒప్పుకున్నాడు. వచ్చే నెల వాడు అక్కడ రెండు రాత్రులు ఉండి చూస్తాడు, ఫోన్ వాడి జేబులోనే ఉంటుంది. కమిటీకి పెట్టే దరఖాస్తులో బ్యాంకు ఖాతా, అమ్మ ఇంటి వాటా వ్యవహారాల వరకే సంరక్షణ అడుగుతున్నాను. బాబాయికి ఇంకా చెప్పలేదు.