బావగారి పిస్తోలు

నూజివీడు వైపు మామిడితోట ఉన్నవాడికి రెండు చూపులు తప్పవు. పూత నిలిచేదాకా ఆకాశం వంక, కాయ పట్టాక కోతుల వంక. ఆ యేడు కోతులకు మా బావగారు కనిపెట్టిన మందు, వాళ్ల తాతగారి నాటి పిస్తోలు.

గొట్టం మూతిలోంచి మందు దట్టించి, వెనుక చిన్న రాగి టోపీ పెట్టి పేల్చే రకం అది. గొట్టం మీద బర్మింగుహామ్ ముద్రలున్నాయి. ఆ ఊళ్లో 1813లో పెట్టిన పరీక్షాలయంలో మామూలు కంటే ఎక్కువ మందు పోసి పేల్చి, తట్టుకొన్న గొట్టానికే ముద్ర వేసేవారు. ఇప్పుడు కమాను విరిగింది. సుత్తి పైకెత్తితే నిలవదు.

"బాగుచేయించుకురావోయ్. సెలవులకు మనవలు వచ్చేసరికి పేల్చి చూపాలి" అన్నారు బావగారు. మా అక్కయ్య ఏమీ అనలేదు. నా వంక ఒక్క చూపు చూసింది.

మా ఊరి కమ్మరి చేయి మంచిదే. కాని 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి బాగుచేసేవాడికీ లైసెన్సుండాలి. "పాతసామానుకు లైసెన్సేమిటండీ?" అన్నాడు పొరుగింటాయన. చట్టంలో ఆ మినహాయింపు ఉన్న మాట నిజమే. అయితే మరమ్మతు చేసినా పేలడానికి వీలులేని పాత ఆయుధానికే అది. మాది పేలేదాయె. బావగారికి మోకాళ్లనొప్పులు. లైసెన్సుదారు వ్రాసిచ్చిన ఉత్తరం ఉంటే ఇంకొకరు మరమ్మతుకు తీసుకుపోవచ్చును గనుక, ఆయన సంతకం పెట్టించుకొని, లైసెన్సు పుస్తకంతో సహా బెజవాడ బస్సెక్కాను.

మొదటి దుకాణంలో ఆయన పిస్తోలును గిరగిర తిప్పి, "రేపు సాయంత్రం రండి. కమాను వేసి, టోపీ పెట్టి కొట్టి చూసి, అద్దంలా మెరిపించి ఇస్తా" అన్నాడు.

ఆ అద్దం మాటకే నాకు గుండె జారింది. వీణలకు పేరుపడ్డ ఊరివాణ్ణి. పాత వీణ వస్తే మా పనివాడు ముందు ఆకురాయి తీయడు. తట్టి వింటాడు, బద్దలెక్కడున్నాయో వేలితో తడుముతాడు. గీకితే పోయిన చెక్క మళ్లీ రాదు. పిస్తోలూ అంతే. మెరుపు కోసం రాస్తే ముద్రలూ నగిషీలూ పోవడమే కాక, గొట్టం పలచబడుతుంది. దణ్ణం పెట్టి లేచాను.

రెండో ఆయన ముసలివాడు. ముందు లైసెన్సు అడిగాడు, ఉత్తరం చదివాడు, పిస్తోలు వివరాలు పుస్తకంతో సరిచూశాడు. తరువాత మూతిని గోడవైపు తిప్పి, ఒక సన్నని కర్రపుల్ల గొట్టంలోకి దించాడు. ఆగినచోట పుల్ల మీద గోటితో గీత పెట్టి, పైకి తీసి, గొట్టం పక్కన ఆనించి చూశాడు. పుల్ల టోపీ పెట్టే చోటిదాకా పోనే లేదు. రెండంగుళాలు తక్కువ.

"ఎవరు నింపారండీ దీన్ని?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. తాతగారు నింపారో, ఆ పైవారో! నల్లమందుకు తడి తగలకపోతే ఎన్నేళ్లయినా చేవ చావదట. ఇన్నాళ్లూ మా ఇంటిల్లిపాదినీ కాపాడింది ఆ విరిగిన కమానే. మొదటి దుకాణంలో కొత్త కమాను వేసి టోపీ కొట్టి చూసి ఉంటే, ఎదుట ఎవరు నిలబడి ఉండేవారో!

ఆయన నూనె పోసి నానబెట్టి, మరచుట్టు మొనతో పాత గుడ్డపీలిక, గుండు, మందు ఒకటొకటే బయటికి లాగాడు. అప్పుడు దీపం పెట్టి లోపల చూశాడు. అడుగున తుప్పు గుంటలు. "కమాను చేతితో చేసిస్తాను. నెల పడుతుంది. గొట్టం మాత్రం ముట్టను. దీన్నిక పేల్చకూడదు" అని రసీదు మీద వ్రాసి సంతకం పెట్టాడు.

నెల తరువాత తెచ్చి ఇచ్చి, జరిగిందంతా చెప్పాను. బావగారు రసీదు రెండుసార్లు చదివారు.

"సుత్తి నిలుస్తోందా?"

"నిలుస్తోంది."

"నా పట్టుచీరల మధ్య పెట్టించారు గదండీ దీన్ని!" అంది అక్కయ్య లోపలినుంచి.

ఆయన జవాబు చెప్పలేదు. ఆ వేసవికి తోటలో కోతులను ఇద్దరు కుర్రాళ్లు రేకుడబ్బాలు వాయించి కాశారు. చిన్నరసాలు సగం దక్కాయి.