పాత కారు అవయవదానం

అమెరికా వచ్చిన మనవాళ్ళెవరినైనా అడగండి. మొదట్లో ఉన్న అపార్ట్‌మెంటు నంబరు మర్చిపోయి ఉంటారు గానీ, మొదటి కారు రంగు మాత్రం మర్చిపోరు. మాది లేత బంగారు రంగు 1999 మోడల్ టయోటా క్యామ్రీ. 2002 సెప్టెంబరులో, నలభై ఒక్క వేల మైళ్ళు తిరిగిన బండిని కొన్నాం. ట్రాయ్‌లోని భారతీయ టెంపుల్‌కి తీసుకెళ్ళి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. ఆ డిసెంబరులో మా అబ్బాయిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది అందులోనే. మా అత్తగారిని, మామగారిని ఆవకాయ డబ్బాలతో సహా ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చిందీ అదే. పదహారేళ్ళ తర్వాత మా అబ్బాయి డ్రైవింగ్ నేర్చుకుని, మా మెయిల్‌బాక్సుని గుద్దిందీ అదే. ఓడోమీటరు రెండు లక్షల ముప్ఫై ఎనిమిది వేలు దాటాక మా ఆవిడ దాన్ని ‘ముసలాయన’ అనడం మొదలుపెట్టింది.

2024 ఫిబ్రవరిలో ఆయిల్ మార్పించడానికి తీసుకెళ్తే, బండిని లిఫ్ట్ మీదికి ఎత్తిన మెకానిక్ నన్ను లోపలికి పిలిచాడు. అలా పిలిచాడంటే మంచి కబురు కాదని మీకూ తెలిసే ఉంటుంది. తలుపు కింది అంచు మీద స్క్రూడ్రైవర్‌తో చిన్నగా పొడిచాడు. అప్పడంలోకి దిగినట్టు దిగిపోయింది. వెనక సస్పెన్షన్ బిగించి ఉండే చోటా అదే పరిస్థితి. ఇంజను బాగుంది, గేర్‌బాక్సు బాగుంది, ఏసీ చల్లగానే వస్తోంది. వాటన్నిటినీ మోసే ఒళ్ళే పోయింది. “హైవే ఎక్కొద్దు, మెల్లగా ఇంటికి వెళ్ళు” అన్నాడు. ఆయిల్‌కి డబ్బులు కూడా తీసుకోలేదు.

మిషిగన్‌లో కార్లు వయసొచ్చి పోవు, ఉప్పు తిని పోతాయి. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ఆ తడితో కలిసి బండి అడుగున అంటుకుని, ఇనుముని కొరుక్కు తింటుంది. తమాషా ఏమిటంటే, కార్లకు పేరుపడ్డ డెట్రాయిట్ నగరం కిందే, వెయ్యి అడుగులకు పైగా లోతులో, ఉప్పు గని ఉంది. ఆ గని 1910 నాటిది. రోడ్ల మీద చల్లే ఉప్పు ఇప్పటికీ అక్కడి నుంచి తవ్వి తీస్తున్నారు. పైన కార్లు చేస్తారు, కింద కార్లను తినేది తవ్వుతారు.

జంక్ యార్డుకి ఫోన్ చేస్తే మూడు వందల పాతిక డాలర్లిస్తామన్నారు. ఇంజను, గేర్‌బాక్సు, కాటలిటిక్ కన్వర్టరు, బ్యాటరీ, నాలుగు చక్రాలు బండి మీదే ఉండాలి. ఆ కన్వర్టరులో ప్లాటినం, పెల్లేడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలుంటాయి, బేరమంతా దాని మీదే. సరేనని పెట్టేశాను. నా మటుకు నాకు అక్కడితో కథ అయిపోయింది.

ఆ ఆదివారం విజయవాడకు వాట్సాప్‌లో మాట్లాడుతూ, మాటవరసకి కారు తుక్కు కింద ఇచ్చేస్తున్నానని మా నాన్నగారికి చెప్పాను. ఆయనకి ఎనభై ఒక్క ఏళ్ళు. 2001 దాకా ముప్ఫై అయిదేళ్ళు ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేశారు.

“ఏమేం ఊడదీశావురా?” అన్నారు.

“ఏమీ లేదు నాన్నా. ఇక్కడెవరూ అలా చెయ్యరు.”

“డైనమో కొత్తది వేయించానన్నావుగా?”

ఆల్టర్నేటర్‌ని ఆయన ఇప్పటికీ డైనమో అనే అంటారు. రెండేళ్ళ కిందట వేయించిన మాట నిజమే. నేను మర్చిపోయాను, ఆయనకి గుర్తుంది. ఆటోనగర్‌లో పొద్దున్న లోపలికి వెళ్ళిన పాత లారీ సాయంత్రానికి ఏ ముక్క ఏ కొట్టుకు చేరుతుందో ఎరిగిన మనిషి. బండి మొత్తం ఒకేసారి చావదని ఆయన లెక్క. ఇక్కడెవరూ అలా చెయ్యరని నేనన్నది కూడా అబద్ధమే. రెండు మూడు డాలర్లు టికెట్టు పెట్టి లోపలికి పంపే జంక్ యార్డులున్నాయి. ఎవరి పనిముట్లు వాళ్ళు పట్టుకెళ్ళి కావలసింది ఊడదీసుకోవడమే. నేనెప్పుడూ వెళ్ళలేదు, అంతే.

అసలు అవసరం మాత్రం ఎరిజోనా నుంచి వచ్చింది. మా అబ్బాయి టెంపీలో చదువుకుంటున్నాడు. అక్కడో పెద్దాయన దగ్గర 2001 మోడల్ క్యామ్రీ కొనుక్కున్నాడు. చెయ్యి అలవాటైన బండి కదా! దాని అడుగున చిటికెడు తుప్పు లేదు. కానీ అక్కడి ఎండకి లోపలి ప్లాస్టిక్ బిస్కెట్టులా విరుగుతోంది. సన్‌వైజర్ ఊడి మొహం మీద పడుతోంది, బయటి డోర్ హ్యాండిల్ విరిగింది, డ్రైవర్ వైపు అద్దం దిగితే ఎక్కట్లేదు, డాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలుగుతోంది. మా బండికి ఒళ్ళు కుళ్ళింది గానీ లోపలి సామాను భేషుగ్గా ఉంది. వాడి బండికి సరిగ్గా దానికి తిరగేసి. రెండిటిదీ నాలుగు సిలిండర్ల 2.2 లీటర్ల ఇంజనే. “డాడ్, ఇచ్చెయ్యకు, స్ప్రింగ్ బ్రేక్‌కి వస్తున్నా” అన్నాడు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. నేను కార్ల విడిభాగాలు డిజైన్ చేసే ఇంజనీరుని. ఇరవై ఏళ్ళుగా కంప్యూటరు తెర మీద బ్రాకెట్లు గీస్తున్నాను. ఏ బోల్టు ఎంత బిగించాలో చెప్పగలను గానీ, నా చేత్తో ఒక్కటీ బిగించి ఎరగను. చిన్నప్పుడు పానా పట్టుకుంటే నాన్న లాగేసుకునేవారు. “నీకెందుకురా ఇది, పోయి చదువుకో” అనేవారు. నేనూ సంతోషంగానే పోయి చదువుకున్నాను.

మార్చి మొదటి శనివారం. ఇక్కడ పొద్దున్న తొమ్మిది, విజయవాడలో రాత్రి ఏడున్నర. గ్యారేజీలో బకెట్టు బోర్లించి, దాని మీద పెయింటు డబ్బా పెట్టి, దానికి ఫోను ఆనించాం. తెర మీద నాన్న, వెనక గోడ మీద అమ్మ ఫోటో. భోజనం ముందే చేసేసి కూర్చున్నారట.

“ముందు బ్యాటరీ మైనస్ తియ్యి నాన్నా” అన్నారు. తీశాం. తీశాక తెలిసింది, అద్దం పూర్తిగా పైకి ఉంటే లోపలి బోల్టులు అందవని. మళ్ళీ బ్యాటరీ తగిలించి, అద్దం సగం దించి, మళ్ళీ తీశాం. ఊడదీసేటప్పుడు అద్దం జారిపోకుండా టేపు అంటించమన్నారు. మోటారు విప్పే ముందు దాని చట్రం కదలకుండా కట్టమన్నారు, స్ప్రింగు ఎగిరితే వేళ్ళు పోతాయిట.

మా అబ్బాయి తెలుగు అంతంత మాత్రం. నాన్న ఇంగ్లీషు అంతకంటే అంతంత మాత్రం. ఎప్పుడు ఫోన్ చేసినా “బాగున్నావా”, “బాగున్నా తాతయ్యా”, “తిన్నావా”, “తిన్నా” దగ్గర ఆగిపోయేది. నట్టు, బోల్టు, వాషరు, స్టడ్డు, బ్రాకెట్టు, కప్లరు అనేసరికి ఇద్దరికీ ఒకటే భాష అయిపోయింది. మధ్యలో నేను అనువాదం చెయ్యబోతే ఇద్దరూ కలిసి నన్ను ఆపేశారు. టార్చిలైటు పట్టుకోవడం నా పని.

ఆల్టర్నేటర్ కింది బోల్టు మొండికేసింది. తుప్పు. మా అబ్బాయి బలమంతా పెట్టబోతుంటే నాన్న కేక పెట్టారు. “తలకాయ తెగుద్ది! ఆయిలు కొట్టి వదిలెయ్. రేపొద్దున్న ముందు కొంచెం బిగించు, తర్వాత లూజు చెయ్యి.” ఊడదీసేదాన్ని బిగించడమేమిటని నేను మనసులో నవ్వుకున్నాను. పొద్దున్నకి మా అబ్బాయి ఆ మాట ప్రకారం వీసమెత్తు బిగించాడు. టక్కున శబ్దం వచ్చి తుప్పు విడిచింది. ఆ తర్వాత నాలుగు తిప్పుల్లో వచ్చేసింది. “ఆ బోల్టులు డబ్బాలో వెయ్యకు, ఊడిన పార్టుకే తగిలించి ఉంచు” అన్నారు నాన్న. ఇది నా ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. అన్నట్టు, గ్యారేజీలో ఏ బోల్టు అందకపోయినా గీసిన ఇంజనీరుని తిట్టుకునేవాళ్ళమని కూడా చెప్పారు. చెప్పాక, “నిన్ను కాదులే” అన్నారు.

ఈలోగా నేనూ ఏదో చెయ్యాలని హెడ్‌లైట్లు విప్పాను. అరగంట పట్టింది. ఎంత బాగా వచ్చాయో చూడమని గర్వంగా పట్టుకొస్తే, మా అబ్బాయి ఫోనులో తన బండి ఫోటో తీసి చూపించాడు. 2000లో ముందు భాగం మార్చారు, దీపాల ఆకారమే వేరు. మళ్ళీ అరగంట బిగించాను.

ఏసీ కంప్రెసర్ కూడా తియ్యమని నాన్న పట్టుబట్టారు. అందులో గ్యాసు గాలిలోకి వదలడం ఇక్కడ చట్టవిరుద్ధం, యంత్రంతో లాగి తియ్యాలి అన్నాను. చట్టం అనేసరికి ఆర్టీసీ ఉద్యోగి కదా, తగ్గారు. ఎయిర్‌బ్యాగుల జోలికి మేమే పోలేదు. లోపల మందు ఉంటుంది, పొరపాటున పేలితే మనిషికే ప్రమాదం. సీటుబెల్టులు, బ్రేకు గొట్టాలు కూడా ముట్టుకోలేదు. ప్రాణం ఆధారపడేవి పాతవి పెట్టకూడదని తాతా మనవడూ నన్ను అడక్కుండానే తేల్చేసుకున్నారు. వచ్చినవి ఇవీ: ఆల్టర్నేటర్, అద్దం మోటారు, రెండు సన్‌వైజర్లు, నాలుగు హ్యాండిళ్ళు, గాలి వచ్చే జాలీలు, గుప్పెడు ఫ్యూజులు, రిలేలు, డోర్ ప్యానెల్‌కి పెట్టే క్లిప్పులు. చూడ్డానికి ఏముంది అనిపిస్తాయి గానీ, ఆ క్లిప్పులు పట్టుకుంటే విరుగుతాయి, కావలసినప్పుడు దొరకవు.

సీట్ల కింద చెయ్యి పెడితే ఇంకో లోకం. కరిగి గడ్డ కట్టిన క్రేయాన్లు, ఒక ఘంటసాల క్యాసెట్టు, చిల్లర, ఒక చిన్న సాక్సు. వాటితో పాటు ఇండియాకి ఫోన్ చేసుకునే కాలింగ్ కార్డు ఒకటి, నంబరు గీకి ఉంది. ఆ కార్డు రోజుల్లో నాన్నతో ఏం మాట్లాడేవాణ్ణో గుర్తు తెచ్చుకోవడానికి చూశాను. “డబ్బులందాయా” అనేవాణ్ణి. నిమిషాలు అయిపోతున్నాయనేవాణ్ణి.

ఆదివారం మధ్యాహ్నానికి మా అబ్బాయి చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. రెండూ కెమెరాకి అడ్డంగా పెట్టి “తాతయ్యా, చూడు!” అన్నాడు. అక్కడ అర్ధరాత్రి దాటింది. నాన్న పకపకా నవ్వారు. ఆయన అలా నవ్వడం చూసి చాలా ఏళ్ళయింది.

ఏడో తరగతిలో ఉండగా ఒకసారి నాన్న డ్యూటీ మధ్యలో ఖాకీ బట్టలతోనే ఫీజు కట్టడానికి బడికొచ్చారు. కిరసనాయిలు, రంపపు పొట్టు పెట్టి ఎంత రుద్దినా ఆయన గోళ్ళ సందుల్లో నలుపు పోయేది కాదు. పక్కనున్న కుర్రాడు “ఎవర్రా?” అని అడిగితే, “మా వీధిలో ఆయన” అన్నాను. నాలుగడుగుల దూరంలోనే ఉన్నారు. విన్నారో లేదో నలభై ఏళ్ళలో నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

“నీ చేతులకేమయిందిరా?” అని అడిగారు తెరలోంచి. నేను నీలం రబ్బరు గ్లవ్స్ వేసుకుని ఉన్నాను. ఏం లేదు నాన్నా అని విప్పేశాను. అడుగున హ్యాండిల్ బోల్టు ఒకటి మిగిలి ఉంటే నేనే తీశాను. వేలు గీసుకుంది. “ఎడమ వైపు తిప్పు, ఎడమ వైపు” అని తెర లోంచి చెబుతూనే ఉన్నారు.

మంగళవారం ట్రక్కు వచ్చింది. ఏమేం తీశామో యార్డుకి ముందే ఫోన్ చేసి చెప్పాను, అభ్యంతరం లేదన్నారు. మిషిగన్‌లో నంబరు ప్లేటు బండిది కాదు, మనది. దాన్ని విప్పి పెట్టుకున్నాను. గ్యారేజీ తలుపు రిమోట్ తీశాను. టైటిల్ మీద సంతకం పెట్టాను. ఇన్స్యూరెన్సు మాత్రం బండి చేతులు మారాకే రద్దు చేయించాను, తొందరపడి ముందే చేయించకండి. ట్రక్కు వాడు కొక్కెం తగిలిస్తుంటే మా ఆవిడ “ఆగండాగండి” అంటూ పరుగెత్తుకొచ్చి డాష్‌బోర్డు మీద అంటించిన వినాయకుణ్ణి పీక్కుంది. ఇరవై రెండేళ్ళ జిగురు, ఒక పట్టాన రాలేదు. ఆ ట్రక్కు డ్రైవరే చాకుతో తీసిచ్చాడు.

నాన్న ఎంతిచ్చారని అడిగారు. మూడు వందల పాతిక, మన డబ్బుల్లో ఇరవై ఏడు వేలు అన్నాను. “డైనమో మనకి మిగిలింది కదా, బాగానే వచ్చింది” అన్నారు.

ఆల్టర్నేటర్‌ని, మోటారుని శుభ్రంగా తుడిచి పోస్టాఫీసు ఫ్లాట్ రేట్ పెట్టెల్లో పంపాం. డెబ్భై పౌండ్ల దాకా ఎంత బరువున్నా ఒకటే ధర, ఇనుప సామానుకి అంతకంటే చవక లేదు. మిగతావి మా అబ్బాయి సూట్‌కేసులో. డోర్ హ్యాండిళ్ళకీ సన్‌వైజర్లకీ మధ్య మా ఆవిడ గోంగూర పచ్చడి సీసా ఇరికించింది.

రెండు వారాల తర్వాత ఒక వీడియో వచ్చింది. మా అబ్బాయి నాకు పంపలేదు, తాతయ్యకి పంపాడు. ఆయన నాకు పంపారు. టెంపీ ఎండలో ఒక అద్దం మెల్లగా పైకి వచ్చి, పూర్తిగా మూసుకుంటుంది. కింద నాన్న వాయిస్ మెసేజి పెట్టారు: “పైకొచ్చేటప్పుడు కీచుమంటోంది విన్నావా? చానల్లో దుమ్ముంది. తుడవమని చెప్పు. వద్దులే, నేనే చెప్తా.”