కాపురం పెట్టిన కాపలా

మే నెల్లో పుదుచ్చేరి ఎండ సంగతి చెప్పక్కర్లేదు. సముద్రం పక్కనే ఉంది, చల్లగా ఉంటుందిలే అనుకుని వచ్చిన చుట్టాలు రెండో రోజుకే చెమటకాయలు గోక్కుంటూ కూర్చుంటారు. పగలు ఎండ, ఉప్పుగాలి, చెమట. పొద్దుగూకితే దోమలు. ఇన్ని ఉన్నా మనలో చాలామందికి ఏళ్ల తరబడి ఒంటిమీద చిన్న కురుపైనా లేవదు. చర్మానికి జబ్బు చేస్తే నలుగురూ మాట్లాడతారు. నాకేమో ఏ జబ్బూ లేని చర్మం మీదే మనసు. అది ఊరికే బాగుండదండీ, రాత్రింబవళ్లు దాన్ని కాచేవాళ్లున్నారు.

కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ల కడుతుందని మన అమ్మమ్మలకి తెలుసు. పుండు అరికాల్లో ఉంటే వాపు గజ్జల్లో ఎందుకు? ఆ బిళ్ల లింఫు గ్రంథి. దానికి వార్త వెళ్లేది చర్మం నుంచే. చర్మం పైపొరలో కొమ్మలు చాచుకుని కొన్ని కణాలు ఉంటాయి. లాంగర్‌హాన్స్ కణాలంటారు. 1868లో బెర్లిన్‌లో వైద్యం చదువుతున్న పాల్ లాంగర్‌హాన్స్ చర్మానికి గోల్డ్ క్లోరైడ్ పట్టించి మైక్రోస్కోపులో చూస్తే కనబడ్డాయి. ఆ కొమ్మలు చూసి నరాలకు సంబంధించినవే అనుకున్నాడు, పాపం. మరుసటి ఏడు క్లోమంలో ఇన్సులిన్ తయారయ్యే చోట్లను గుర్తించిందీ ఈయనే. కాబట్టి షుగరున్న ప్రతి ఇంటికీ దూరపు చుట్టమే. ఆయన చూసినవి క్రిముల ఆనవాళ్లు పట్టుకుని లింఫు గ్రంథి దాకా మోసుకెళ్లే కణాలని తేలడానికి వందేళ్లకు పైనే పట్టింది. గ్రంథిలో ఆ ఆనవాలుకు సరిపడే టి-కణం (క్రిములతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణం) దొరికితే అది ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుతుంది. బిళ్ల కట్టేది అందుకే.

సరే, పెరిగిన ఆ కణాలు తిరిగి చర్మానికే ఎలా చేరతాయి? రక్తంలో పడితే గుండెకీ పోవచ్చు, కాలేయానికీ పోవచ్చు. ఇక్కడే నాకు భలే ముచ్చటేసే సంగతి ఉంది. ఎండ తగిలితే మన చర్మంలో విటమిన్ డి తయారవుతుందని బడిపిల్లలకీ తెలుసు. చర్మం నుంచి వార్త మోసుకొచ్చే కణాలు ఆ విటమిన్‌ను చురుకైన రూపంలోకి మారుస్తాయనీ, దాని ప్రభావంతో టి-కణాలకు చర్మం వాసన పట్టే గ్రాహకం మొలుస్తుందనీ 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. పేగులకు పోవాల్సిన కణాలకు దారి చూపేది విటమిన్ ఎ నుంచి వచ్చే పదార్థం. మనం టాబ్లెట్ల షాపులో అడిగి కొనుక్కునే విటమిన్లకు ఇంత పెత్తనం ఉందని ఎవరనుకుంటారు!

ఇంకో ఏర్పాటూ ఉంది. చర్మంలోని సన్నని రక్తనాళాల లోపలి గోడ మీద ఇ-సెలెక్టిన్ అనే అంటుకునే పదార్థం ఉంటుంది. చర్మానికి పోవాల్సిన టి-కణం మీద దానికి సరిపోయే గుర్తు ఉంటుంది. కణం దానికి తగులుకుని, వేగం తగ్గి, గోడ సందులోంచి దూరి లోపలికి జారుకుంటుంది. దెబ్బ తగిలినప్పుడు ఇ-సెలెక్టిన్ బాగా పెరుగుతుంది, నిజమే. కానీ చర్మంలో మాత్రం ఏ దెబ్బా లేనప్పుడు కూడా కాస్తంత ఉంటుంది. అంటే తలుపు ఎప్పుడూ ఓరగా తీసే ఉంటుందన్నమాట.

అలా వచ్చినవి ఎన్ని? బోస్టన్‌లో రేచల్ క్లార్క్ బృందం ఆరోగ్యంగా ఉన్న మనుషుల చర్మాన్ని పరీక్షించి 2006లో లెక్క చెప్పింది: ఒక మనిషి చర్మంలో సుమారు 2 వేల కోట్ల టి-కణాలు. రక్తంలో తిరిగేవాటికి దాదాపు రెట్టింపు! అంతకుముందు మనం ఏమనుకునేవాళ్లం? సైన్యమంతా రక్తంలో ఉంటుంది, గొడవైతే చర్మానికి పరుగెత్తుతుంది అని. తీరా చూస్తే సగానికి మించి ముందే వచ్చి దిగి ఉంది. మన యానాం కుర్రాళ్లు గోదారి ఒడ్డు నుంచి చదువుకని పుదుచ్చేరి వచ్చి, ఉద్యోగం దొరికి, ఇక్కడే ఇల్లు కట్టుకుని ఉండిపోలేదూ? ఈ కణాల్లో చాలావాటి కథ అదే. మళ్లీ రక్తంలోకి పోవు.

టి-కణాల రాకను కంటితో చూడాలంటే టీబీ కోసం ముంజేతికి చేసే మాంటూ పరీక్ష చాలు. దాన్ని 1908లో చెప్పిన షార్ల్ మాంటూ ఫ్రెంచి డాక్టరు. అప్పటికి ఈ ఊరూ ఫ్రెంచివాళ్లదే. ఇక్కడి గోరిమేడులోని జిప్‌మర్ వైద్యసంస్థకి మూలమైన వైద్యపాఠశాలను వాళ్లు 1823లోనే పెట్టారు. పరీక్షలో చర్మంలోకి ఎక్కించేది టీబీ క్రిమి ప్రొటీన్, అంతే. బతికున్న క్రిమి ఒక్కటీ ఉండదు. దోమ కుడితే నిమిషాల్లో దద్దురు లేస్తుంది కదా, అది అక్కడే కాచుకున్న మాస్ట్ కణాలు చిమ్మే హిస్టమిన్ పని. మాంటూ పరీక్షలో సూది గుచ్చిన చోట చర్మం గట్టిపడి పైకి రావడానికి మాత్రం రెండు మూడు రోజులు కావాలి. పాత క్రిమిని ఎరిగిన టి-కణాలు రావాలి, తోటివాళ్లను పిలవాలి, గుమిగూడాలి. స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో కొలిచేది ఆ గుంపునే.

ఈ కాపలా ఎంత ముఖ్యమో కుష్టు చెబుతుంది. క్రిమి ఒక్కటే. టి-కణాలు గట్టిగా ఎదుర్కొన్న మనిషికి స్పర్శలేని మచ్చలు ఒకటో రెండో వచ్చి ఆగిపోతాయి. అవి చేతులెత్తేసిన మనిషి చర్మంలో క్రిములు కోట్లలో పెరుగుతాయి. అయితే గట్టి కాపలా కూడా ఉత్త పుణ్యానికి రాదు. ఆ పోరులో పక్కనున్న నరాలు దెబ్బతింటాయి.

కాపురం పెట్టినవాళ్ల జ్ఞాపకశక్తితో ఇంకో చిక్కు. కొందరికి ఫలానా మాత్ర వేసుకున్నప్పుడల్లా పెదవి మీదో తొడ మీదో సరిగ్గా అదే చోట మంట పుట్టి నల్లమచ్చ తేలుతుంది. యాంటీబయాటిక్‌లతో, నొప్పి మాత్రలతో ఎక్కువగా చూస్తాం. మచ్చ తగ్గినా టి-కణాలు ఆ చోటు వదలవు. రెండేళ్ల తర్వాత అదే మందు వస్తే మళ్లీ అక్కడే లేస్తాయి. బొల్లి మచ్చ తగ్గి, మందు మానేశాక అదే చోట తిరగబెట్టడానికీ కారణం చాలావరకు ఇవే. పైపూత మానెయ్యొద్దని చర్మం డాక్టర్లు అంతలా చెప్పేది ఇందుకేనండీ. ఇక ఆ నల్లమచ్చవాళ్లు, మాత్ర పేరు ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. "ఏదో తెల్ల మాత్ర డాక్టరుగారూ" అంటే ఎంత గొప్ప డాక్టరైనా ఏం చేస్తాడు?