బావగారిని ఎక్కడ చేర్చాలి?

పెళ్ళి సంబంధం చూడాలంటే మనవాళ్ళు ఏడు తరాలూ తిరగేస్తారు. ఫ్లాటు కొనాలంటే లింకు డాక్యుమెంట్లు లాయరుకి చూపిస్తారు. ఇంట్లో ఒక మనిషి చేత తాగుడు మాన్పించాలంటే మాత్రం, ఒక రాత్రి పెద్ద గొడవ అయ్యాక, తెల్లారేలోపు గూగుల్లో మొదట కనిపించిన నంబరుకి ఫోను చేస్తారు. వాళ్ళని తప్పు పట్టలేం, ఆ రాత్రి అలాంటిది. కానీ సెంటర్లు నడిపే కొందరికి కూడా ఆ రాత్రి సంగతి బాగా తెలుసు. చిక్కంతా అక్కడే.

మా బావగారి విషయంలో మాకు ఓ వారం టైము దొరికింది. (ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. "పేరూ, ఊరూ రాయకు, మిగతాది నీ ఇష్టం" అన్నారు.) వయసు 46. సాయంత్రం రెండు పెగ్గులతో మొదలైంది కాస్తా, పొద్దున్నే కాఫీ కంటే ముందు క్వార్టరు పడకపోతే చెయ్యి వణికి సంతకం పెట్టలేని స్థితికి వచ్చింది. అక్క రెండేళ్ళపాటు చుట్టాలందరికీ "గ్యాస్ట్రిక్ ట్రబుల్" అనే చెప్పుకొచ్చింది. చివరికి ఓ ఆదివారం వాట్సాప్ కాల్లో అందరం కూర్చున్నాం. న్యూజెర్సీ నుంచి బాబాయి, బెంగుళూరు నుంచి మా తమ్ముడు, ఇక్కడ నేనూ, అక్కా. అందరివీ అవే ప్రశ్నలు. ఎన్నాళ్ళు ఉంచుకుంటారు? గ్యారంటీ ఉందా? బయటికి పొక్కకుండా ఉంటుందా? అక్కడ వైద్యం చేసేదెవరని అడిగినవాళ్ళు లేరు. మనకి కావలసింది ఆయన నయమవడమా, కొన్నాళ్ళు కనపడకుండా ఉండడమా అని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

అక్కా నేనూ మూడు చోట్లకి వెళ్ళాం.

మొదటిది ఊరి చివర, పెద్ద గేటు, కిటికీలకి గ్రిల్స్. మేనేజరు చాలా మర్యాదగా మాట్లాడాడు. "మీరు అడ్రసు చెప్పండి చాలు మేడం, రాత్రికి నలుగురు కుర్రాళ్ళు వెహికిల్లో వచ్చి తీసుకెళ్తారు. 90 రోజులు. ఫోన్లు, విజిట్లు ఏవీ ఉండవు, ఉంటే మనసు మారిపోతుంది." డాక్టరుగారెప్పుడుంటారు అనడిగా. వారానికోసారి వస్తారట. మానేసిన మొదటి మూడురోజుల్లో ఫిట్స్ వస్తే? "అవన్నీ మా దగ్గర రెండు రోజుల్లో దిగిపోతాయి సార్, మజ్జిగ ఇస్తాం." అక్క నా మొహం చూసింది. లేచి వచ్చేశాం.

ఈ మజ్జిగ వైద్యం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మద్యం మెదడుని మందగింపజేస్తుంది. ఏళ్ళతరబడి రోజూ తాగేవాడి మెదడు దాన్ని తట్టుకోడానికి ఎదురుతన్నడం నేర్చుకుంటుంది. ఉన్నట్టుండి మద్యం ఆపేస్తే ఆ ఎదురుతన్నుడొక్కటే మిగులుతుంది. కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం. మొదటి రెండురోజుల్లో కొందరికి ఫిట్స్. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య ఇంకొందరికి డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితి వస్తుంది. ఎక్కడున్నారో తెలీదు, ఒంటిమీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని మనుషులతో మాట్లాడతారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. చాలామంది ఇళ్ళల్లో దీన్ని "పిచ్చెక్కింది" అనో, "గాలి సోకింది" అనో అనుకుంటారు. దీనికి వైద్యం ఉంది. డయజిపామ్ జాతి మందులు సరైన మోతాదులో మొదలుపెట్టి రోజురోజుకీ తగ్గించుకుంటూ పోవడం, థయామిన్ అనే బీ1 విటమిన్ ఇంజెక్షను, లివరు పరీక్ష, రాత్రి కూడా చూసే నర్సు. అంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు, కానీ అక్కడ మనిషి ఉండాలి. కాబట్టి ఏ సెంటరుకి వెళ్ళినా అడగాల్సిన మొదటి ప్రశ్న "మొదటి ఐదు రాత్రులు డ్యూటీలో ఎవరుంటారు?" యోగా, స్విమ్మింగు పూలు, ఏసీ గది తరవాత చూసుకోవచ్చు.

రాత్రికి రాత్రి ఎత్తుకెళ్ళడం సంగతి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుపదార్థాల వాడకంతో వచ్చే మానసిక సమస్యల్ని కూడా మానసిక అనారోగ్యం కిందే లెక్కిస్తుంది. అలాంటివాళ్ళని ఉంచుకుని వైద్యం చేసే సెంటరు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర రిజిస్టరయి ఉండాలి. మనిషి ఒప్పుకోకపోయినా చేర్చే దారి అందులో ఉంది (89వ సెక్షను), కానీ ఇంట్లోవాళ్ళ సంతకం ఒక్కటే చాలదు. ఒక సైకియాట్రిస్టు, ఇంకో నిపుణుడో డాక్టరో విడివిడిగా పరీక్షించాలి. తనకో ఇతరులకో హాని చేసే పరిస్థితి, లేదా తనని తాను చూసుకోలేని పరిస్థితి ఉందని తేల్చాలి. అదైనా 30 రోజుల వరకే, ఆపైన ఉంచాలంటే మళ్ళీ వేరే ప్రక్రియ. గొలుసులతో కట్టడం ఏ రూపంలోనూ కుదరదు. ఫోను మాట్లాడే హక్కు, తనవాళ్ళని కలిసే హక్కు పేషెంటుకి ఉన్నాయి, వేళలు మాత్రం సెంటరు పెట్టుకోవచ్చు. ఆ లెక్కన మేనేజరుగారు చెప్పిన ప్యాకేజీలో ఎన్ని నిలుస్తాయో మీరే చూసుకోండి. రిజిస్ట్రేషను సర్టిఫికెట్టు చూపించమంటే నొచ్చుకునేవాళ్ళ దగ్గర ఆగక్కర్లేదు.

రెండోది కార్పొరేటు ఆస్పత్రి. వైద్యం విషయంలో వంక పెట్టడానికి లేదు. పది రోజుల్లో పంపించేస్తాం అన్నారు. ఆ తరవాత? "ఓపీకి రండి." మన భాషలో చెప్పాలంటే గో-లైవ్ అయిన రోజే టీమంతా రోల్-ఆఫ్ అయిపోయినట్టు. మందు ఒంట్లోంచి పోవడం వారం పని, పదకొండో రోజు సాయంత్రం ఏడింటికి ఆయన ఆ వైన్‌షాపు ముందునుంచే ఇంటికి రావాలి కదా!

మూడోది చిన్నది, ఓ సైకియాట్రిస్టు నడుపుతున్నది. అక్కడి కౌన్సెలరు బావగారి గురించి అరగంట అడిగి, చివర్లో అక్కనడిగింది, "మీరు నిద్రపోతున్నారా?" అని. అక్క అక్కడే ఏడ్చేసింది. వారానికోసారి ఇంట్లోవాళ్ళతో కూర్చుంటారు. డిశ్చార్జికి ముందే తరవాతి మూడు నెలల అపాయింట్‌మెంట్లు రాసిస్తారు. మళ్ళీ తాగితే ఏం చెయ్యాలో పేషెంటు చేతే ముందుగా కాయితం మీద రాయిస్తారు. గ్యారంటీ ఉందా అనడిగితే డాక్టరు "లేదు" అన్నాడు. నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది ఆ మాటతోనే.

డబ్బుల సంగతి. మీ కంపెనీ హెల్త్ పాలసీ మీద ఆశ పెట్టుకునేముందు ఆ పీడీఎఫ్‌లో మినహాయింపుల పేజీ చదవండి. మానసిక అనారోగ్యాన్ని మిగతా జబ్బులతో సమానంగా చూడాలని పైన చెప్పిన చట్టమే అంటోంది, అయినా మద్యం, డ్రగ్స్ వ్యసనానికి చికిత్స చాలా పాలసీల్లో మినహాయింపుల్లోనే ఉంటుంది. ఖర్చు భరించలేనివాళ్ళకి ఎర్రగడ్డ ఉంది, విశాఖలో ప్రభుత్వ మానసిక ఆస్పత్రి ఉంది. ఎర్రగడ్డ పేరెత్తితే మా అత్తయ్యగారు (బావగారి అమ్మ) చెవులు మూసుకున్నారు. సినిమాలు చేసిన పని అది.

ఆవిడ దగ్గర ఇంకో ఉపాయం ఉంది, మజ్జిగలో తెలీకుండా కలిపే పొడి. గోడల మీద ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. అందులో ఏముందో దేవుడికెరుక. కొన్ని ఇళ్ళల్లో మెడికల్ షాపు నుంచి డైసల్ఫిరామ్ తెచ్చి కూరలో కలుపుతారు. ఆ మాత్ర మీద మద్యం తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదకి రావచ్చు. తెలిసి వేసుకునేవాడికి అది కాపలా, తెలియనివాడికి విషం. (రెంటినీ "మందు" అనే మన భాషని ఏమనాలో.)

ఇక అసలు కష్టం, ఆయన్ని అడగడం. ఆ పని అక్కే చేసింది, పొద్దున పూట, ఆయన కొంచెం తేటగా ఉన్నప్పుడు. "ఏమండీ, తాళం వెయ్యని చోటు. రోజూ సాయంత్రం నేనొస్తాను. వద్దనిపిస్తే డాక్టరుకి చెప్పి వచ్చేద్దాం. వస్తారా?" ఆయన ఏం మాట్లాడలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర "ఎన్ని రోజులు?" అన్నారు. 24 రోజులున్నారు. రెండో రాత్రి ఒళ్ళంతా వణికిపోయిందట, నర్సు గంటగంటకీ వచ్చి చూసిందట.

ఇది ఏడో నెల. నాలుగో నెలలో ఒక పెళ్ళిలో తాగారు, రెండు రోజులు. మూడోరోజు తను రాసుకున్న కాయితం తీసి తనే కౌన్సెలరుకి ఫోను చేశారు. మళ్ళీ చేరాల్సిన అవసరం పడలేదు, మాత్ర మార్చారు. న్యూజెర్సీ బాబాయి మాత్రం "అంటే ఫెయిలయినట్టే కదరా" అన్నాడు. షుగరు ఉన్నవాడు ఓ పూట జాంగ్రీ తింటే డాక్టర్ని మార్చేస్తామా బాబాయ్ అన్నాను. ఆయనకీ షుగరుంది, ఇంకేం మాట్లాడలేదు.

ఎవరిని అడగాలో కూడా తోచని స్థితిలో ఉన్నవాళ్ళకి రెండు ఉచిత నంబర్లు. 14416 టెలీ-మానస్, 14446 కేంద్ర ప్రభుత్వపు డీ-అడిక్షన్ హెల్ప్‌లైను. అక్క మొదటిదానికి చేసింది, రాత్రి పదకొండున్నరకి, బాత్రూములోంచి, కుళాయి తిప్పి. అవతల తెలుగులోనే మాట్లాడారు.