వెచ్చని సీటు

ఓస్లోలో చలికాలం పొద్దున మైనస్ 10 డిగ్రీలంటే ఎవరూ ఆశ్చర్యపోరు. మా కోడలు 7.30కి ఆసుపత్రి డ్యూటీకి బయల్దేరాలి. మావాడు 7 గంటలకే ఫోన్లో ఓ మీట నొక్కుతాడు. వాకిట్లో ప్లగ్గుకి తగిలించి ఉన్న ఎలక్ట్రిక్ కారు లోపల వేడెక్కుతుంది, అద్దాల మీది మంచు కరిగిపోతుంది.

''ఈ మాత్రం సుఖానికి అంత కరెంటు దండగ కాదట్రా?'' అన్నాను.

''సుఖం కోసం కాదమ్మా'' అంటూ విడమరచి చెప్పాడు. పెట్రోలు కారులో ఇంజిను వృథాగా వదిలే వేడే లోపలికి వస్తుంది. ఎలక్ట్రిక్ మోటారు దగ్గర అంత వేడి మిగలదు. హీటరుకి బ్యాటరీయే దిక్కు. పైగా చలికి బ్యాటరీ కూడా నీరసిస్తుంది. ప్లగ్గు తీయకముందే వేడిచేసుకుంటే ఆ భారం ఇంటి కరెంటు మీద పడి, బ్యాటరీ దారిఖర్చుకి మిగులుతుంది. రాత్రి మంచులో ఒంటరిగా తిరిగొచ్చే మనిషికి ఆ మిగులే ధైర్యం!

నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం ఎలక్ట్రిక్‌వే. అంటే చాలా ఇళ్లలో ఇదే తంతు అయ్యుండొచ్చు.

మా చిన్నప్పుడు సంక్రాంతి చలికి అందరికంటే ముందు లేచి నీళ్లకాగు కింద పొయ్యి ముట్టించేది మా అమ్మ. మావాడు ఫోన్లో మీట నొక్కుతున్నాడు. అంతే తేడా!